‘దేశం నిర్ణయించింది’ అన్న వాక్యంలో కర్త ఎవరు: విదేశాంగ నిర్ణయాలను అధ్యయనం చేసే పద్ధతి

2003 మార్చి 1న టర్కీ పార్లమెంటులో ఒక తీర్మానం ఓటింగుకు వచ్చింది. ఇరాక్‌పై యుద్ధానికి సిద్ధమవుతున్న అమెరికా సేనలను టర్కీ గడ్డ మీదుగా ఉత్తర ఇరాక్‌లోకి వెళ్లనివ్వాలా వద్దా అన్నది విషయం. అనుకూలంగా 264 మంది, వ్యతిరేకంగా 250 మంది ఓటు వేశారు. 19 మంది తటస్థంగా ఉండిపోయారు. సభకు హాజరైన 533 మందిలో సగానికి మించి, అంటే కనీసం 267 మంది, ఆమోదిస్తే తప్ప తీర్మానం నెగ్గదన్న నియమం కారణంగా అది మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. మర్నాడు ప్రపంచమంతా ‘టర్కీ కాదన్నది’ అని చెప్పుకున్నది. నిజానికి సభలో అవునన్నవారే ఎక్కువ. తీర్మానాన్ని సభ ముందుంచింది ప్రభుత్వమే. పాలకపక్షానికి భారీ ఆధిక్యం కూడా ఉంది. అయినా ‘టర్కీ’ కాదన్నది.

వ్యాకరణరీత్యా ఆ వాక్యంలో లోపమేమీ లేదు; కర్త ఉంది, క్రియ ఉంది. పత్రికలు రోజూ ‘ఢిల్లీ భావిస్తోంది’, ‘మాస్కో హెచ్చరించింది’ అని రాస్తాయి, చదివేవారికి అర్థమవుతుంది కూడా. కానీ విదేశాంగ విధాన నిర్ణయాలను అధ్యయనం చేయదలచినవారికి పని మొదలయ్యేది ఆ కర్తను నమ్మడం మానేసిన చోటనే. దేశం పేరు ఉన్న చోట ఏ మనుషులున్నారు, ఏ నియమాలున్నాయి, ఏ గంటకు ఎవరి చేతిలో ఏ కాగితం ఉంది అని వెతకడమే ఈ అధ్యయనం. దానిని ఎలా చేయాలో, కొత్తగా ఈ రంగంలోకి వచ్చే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని, ఇక్కడ వివరిస్తున్నాను.

ప్రశ్నలో ‘బదులు’ ఉండాలి

ఎక్కువమంది ‘ఫలానా దేశపు విదేశాంగ విధానం’ అన్న శీర్షికతో మొదలుపెట్టి, ఆరు నెలల తరువాత కూడా అక్కడే తిరుగుతుంటారు. విధానమన్నది అనేక నిర్ణయాలకు మనం తరువాత పెట్టుకునే పేరు. అధ్యయనానికి దొరికేది నిర్ణయం. కాబట్టి ప్రశ్నను ఒక వ్యక్తి లేదా బృందం, ఒక తేదీ, ఒక ఎంపిక అనే మూడింటికి కుదించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ప్రశ్నలో ‘బదులు’ అన్న మాట ఉండి తీరాలి. ‘క్యూబా సంక్షోభంలో అమెరికా ఎందుకలా ప్రవర్తించింది?’ అన్నది ప్రశ్న కాదు, వ్యాసరచన పోటీకి ఇచ్చే అంశం. ‘1962 అక్టోబరు మూడో వారంలో అధ్యక్షుడు కెనడీ సోవియట్ క్షిపణి స్థావరాలపై వైమానిక దాడికి బదులు నౌకా దిగ్బంధాన్ని ఎందుకు ఎంచుకున్నారు?’ అన్నది ప్రశ్న. (సోవియట్ యూనియన్ క్యూబాలో రహస్యంగా అణు క్షిపణులు నిలపడంతో తలెత్తినది ఆ సంక్షోభం.) తిరస్కరించిన ప్రత్యామ్నాయం ఏదో తెలిస్తేనే ఎంచుకున్నదానికి అర్థం తెలుస్తుంది.

తొలి ప్రయత్నానికి కనీసం పాతికేళ్లో ముప్పయ్యేళ్లో గడిచిన సంఘటనను తీసుకోవడం మంచిది. నిన్న మొన్నటి నిర్ణయాల గురించి దొరికేవి ప్రకటనలు, ఊహాగానాలు, ‘విశ్వసనీయ వర్గాల’ మాటలు మాత్రమే. అలాగే, జరిగినవాటినే కాక జరగనివాటిని కూడా పరిశీలనకు తీసుకోవచ్చు. 1995 డిసెంబరులో పి.వి. నరసింహారావు ప్రభుత్వ హయాంలో పోఖరణ్‌లో అణుపరీక్షకు సన్నాహాలు సాగుతున్నాయన్న వార్త అమెరికా పత్రికలో వెలువడింది, పరీక్ష జరగలేదు. 1998 మే 11న, 13న వాజపేయి ప్రభుత్వం పరీక్షలు జరిపింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘అప్పుడెందుకు లేదు, ఇప్పుడెందుకు అవును’ అని అడిగితే, ఒక్క 1998నే పట్టుకున్నప్పుడు కనిపించని కారణాలు బయటపడతాయి.

ఇక నిర్ణయం జరిగిన తేదీ ఏదన్నది తేలికైన ప్రశ్నలా కనిపిస్తుంది గాని, చాలా అధ్యయనాలు తప్పటడుగు వేసేది ఇక్కడే. బ్రిటన్ పార్లమెంటు ఇరాక్‌పై సైనిక చర్యను 412–149 ఓట్లతో ఆమోదించింది 2003 మార్చి 18న. కానీ ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్రపై జరిగిన చిల్కాట్ విచారణ నివేదిక 2016 జూలైలో వెలువడినప్పుడు దానితో పాటు బయటికి వచ్చిన పత్రాలలో, ప్రధాని బ్లెయిర్ 2002 జూలై 28న అధ్యక్షుడు బుష్‌కు పంపిన లేఖ ఉంది. ఏమైనా సరే మీతోనే ఉంటానన్న అర్థం వచ్చే మాటతో అది మొదలవుతుంది. లేఖలోని మిగతా భాగం షరతులను, ఇబ్బందులను ఏకరువు పెడుతుందనీ గమనించాలి. నిర్ణయం జూలైలో జరిగిందా, మార్చిలో జరిగిందా, మధ్యలో మెట్టు మెట్టుగా జరిగిందా అన్నది పరిశోధకుడు ఆధారాలతో వాదించవలసిన విషయమే తప్ప ముందే స్థిరపడిన వాస్తవం కాదు.

రెండు గడుల కాలక్రమం

ప్రశ్న స్థిరపడిన తరువాత సిద్ధాంత గ్రంథాలను పక్కన పెట్టి, ఒక పెద్ద కాగితం మీద కాలక్రమం రాసుకోవాలి. దానిలో రెండు గడులు ఉండాలి. మొదటి గడిలో ఏమి జరిగిందో, రెండో గడిలో అది నిర్ణయం తీసుకునేవారికి ఎప్పుడు తెలిసిందో రాయాలి. రెండో గడి లేని కాలక్రమం వల్ల ప్రయోజనం కంటే హానే ఎక్కువ, ఎందుకంటే మనకు ఇప్పుడు తెలిసినదంతా వాళ్లకు అప్పుడే తెలుసునన్న భ్రమను అది కలిగిస్తుంది.

క్యూబానే చూడండి. యూ-2 నిఘా విమానం క్షిపణి స్థావరాలను ఫోటో తీసింది అక్టోబరు 14న. వాటిని విశ్లేషించి కెనడీకి చెప్పింది 16వ తేదీ ఉదయం. ద్వీపంలో సోవియట్ సైనికులు సుమారు పదివేల మంది ఉంటారని అమెరికా గూఢచారుల అంచనా. నిజంగా ఉన్నది 40 వేలకు పైగా. వారి దగ్గర యుద్ధరంగంలో వాడే చిన్న అణ్వస్త్రాలు కూడా ఉన్నాయన్న సంగతి ఆనాటి అమెరికా నాయకులలో చాలామందికి 1992లో గాని తెలియలేదు. దండెత్తి వెళ్దామన్నవారిని యుద్ధోన్మాదులని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం. రెండో గడిని చూస్తే, వాళ్లు తూకం వేసిన ప్రమాదం మనం ఇప్పుడు చూస్తున్న ప్రమాదం కాదని అర్థమవుతుంది.

గంటలను కూడా వదలకూడదు. అక్టోబరు 26న సోవియట్ అధినేత ఖృశ్చేవ్ రాసిన లేఖ మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయానికి సాయంత్రం చేరింది. అనువాదమై, సంకేతభాషలోకి మారి, వాషింగ్టన్‌కు భాగాలు భాగాలుగా అందేసరికి చాలా గంటలు గడిచాయి. క్యూబాపై దాడి చేయబోమని మాట ఇస్తే క్షిపణుల అవసరం ఉండదన్నది దాని సారాంశం. మర్నాడు వచ్చిన రెండో సందేశం మాత్రం నేరుగా మాస్కో రేడియోలో ప్రసారమైంది. టర్కీలోని అమెరికా జూపిటర్ క్షిపణులను కూడా తీసేయాలన్నది అందులో చేరిన కొత్త షరతు. ఒకటి రహస్యంగా, నెమ్మదిగా వచ్చింది. మరొకటి బహిరంగంగా, వెంటనే వచ్చింది. ఈ తేడాను పట్టించుకోకుండా ఆ శనివారం వైట్‌హౌస్‌లో జరిగిన చర్చను అర్థం చేసుకోలేం. మాస్కోలో మధ్యాహ్నమంటే వాషింగ్టన్‌లో ఇంకా తెల్లవారుజామేనని గుర్తుంచుకుని, అన్ని సమయాలనూ ఒకే గడియారానికి మార్చుకుని రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే, అయినా తప్పదు.

గదిలో ఎవరు, గది బయట ఎవరు

కాలక్రమం పక్కనే మనుషుల జాబితా ఉండాలి: ఎవరు ఏ పదవిలో ఉన్నారు, ఏ సమావేశానికి వచ్చారు, ఎవరిని పిలవలేదు, ఎవరు వచ్చి కూడా మాట్లాడలేదు. చివరిది చాలా ముఖ్యం. 1961 ఏప్రిల్‌లో సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులను క్యాస్ట్రో ప్రభుత్వాన్ని కూల్చడానికి క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్ వద్ద దించిన అమెరికా పథకం మూడు రోజులలో చతికిలబడింది. ఆ పథకాన్ని చర్చించిన సమావేశాలలో కూర్చున్న సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ విడిగా కెనడీకి తన అభ్యంతరాలను రాసి ఇచ్చారు గాని, గదిలో మాత్రం నోరు విప్పలేదు. ఆ మౌనానికి తరువాత తనను తానే నిందించుకున్నారు. సమావేశపు మినిట్స్ మాత్రమే చదివినవారికి అక్కడ ఏకాభిప్రాయం కనిపిస్తుంది. విడి కాగితం చదివినవారికి, ఒకరినొకరు నొప్పించకూడదన్న మొహమాటం ఏకాభిప్రాయపు వేషం వేసుకున్నదని తెలుస్తుంది.

మనిషి మాట అతని కుర్చీని బట్టి ఉంటుందన్న సూత్రం ఈ రంగంలో బాగా వాడుకలో ఉంది. పనికివచ్చే సూత్రమే, కానీ దాన్ని కొలబద్దగా వాడితే బోల్తా పడతారు. 1962లో వైమానిక దళాధిపతి లీమే బాంబుదాడి కోరారు, సరే. అయితే రక్షణమంత్రి మెక్‌నమారా దిగ్బంధం వైపు నిలిచారు. దౌత్యంలో మునిగి తేలిన మాజీ విదేశాంగ మంత్రి డీన్ ఆచిసన్ దాడి చేయవలసిందేనన్నారు. అందుచేత పదవి నుంచి అభిప్రాయాన్ని ఊహించి రాయకుండా, ఆ వ్యక్తి ఆ రోజు ఏమన్నాడో చూసి, తరువాతనే పదవితో పోల్చుకోవాలి.

పార్లమెంటులు, ఎన్నికలు, మిత్రపక్షాలు కూడా ఒక రకంగా ఆ గదిలో ఉన్నవే, కుర్చీ లేకపోయినా. మొదట చెప్పిన టర్కీ ఓటింగులో బయటి దేశంతో బేరమాడిన ప్రభుత్వం, ఆ బేరాన్ని సొంత పార్టీ సభ్యుల చేత ఒప్పించలేకపోయింది. ఒక రాజీ విదేశీయులకు ఆమోదయోగ్యమైతే చాలదు. ఇంటి దగ్గర దానికి సంతకం పెట్టవలసినవారెవరో, వారికి ఎన్ని ఓట్లు కావాలో లెక్కవేసి చూడాలి.

ఒకే సంఘటన, పోటీపడే వివరణలు

ఇప్పుడు సిద్ధాంతాల వంతు. అమెరికా రాజనీతి శాస్త్రవేత్త గ్రాహం ఆలిసన్ 1971లో క్యూబా సంక్షోభాన్నే మూడు రకాలుగా వివరించి చూపారు: రాజ్యాన్ని లాభనష్టాలు బేరీజు వేసే ఒకే మనిషిగా చూడడం ఒకటి, ప్రభుత్వ సంస్థలు అలవాటైన పద్ధతుల ప్రకారం నడుచుకుంటూ పోతాయని చూడడం రెండోది, అధికారుల మధ్య బేరసారాల ఫలితంగా చూడడం మూడోది. విద్యార్థులు సాధారణంగా చేసే పొరపాటు ఏమిటంటే, మూడింటిలో నచ్చినదాన్ని ఎంచుకుని, దానికి సరిపోయే వివరాలను ఏరుకోవడం. అలా చేస్తే ఏ సిద్ధాంతమైనా నిజమే అవుతుంది. చేయవలసింది వేరు: ఒక్కో వివరణ నిజమైతే ఎలాంటి ఆనవాళ్లు మిగలాలి, అవి లేకపోతే ఆ వివరణను వదులుకోవడానికి సిద్ధమా అని, పత్రాలు తెరవకముందే రాసి పెట్టుకోవాలి.

ఉదాహరణకు, సోవియట్ సేన క్షిపణులను ఓడలలో అత్యంత రహస్యంగా తరలించి, తీరా క్యూబాలో ఆకాశం నుంచి స్పష్టంగా కనిపించేలా, మరుగు లేకుండా స్థావరాలు నిర్మించింది. లాభనష్టాల లెక్కతో చూస్తే ఇది అర్థం కాదు; కనబడాలనే కట్టారేమోనన్న విచిత్రమైన ఊహ కూడా చేయవలసి వస్తుంది. సొంత గడ్డపై అలవాటైన నమూనాలోనే ఇక్కడా కట్టారన్న సంస్థాగత వివరణ మరింత సహజంగా అతుకుతుంది. అలాగే అక్టోబరు 27న క్యూబాపై యూ-2 విమానాన్ని కూల్చింది మాస్కో ఆజ్ఞతో కాదు, అక్కడి సోవియట్ అధికారుల నిర్ణయంతో. వాషింగ్టన్‌లో కొందరు దానిని ఖృశ్చేవ్ పంపిన కొత్త సంకేతంగా చదివారు. దేశాన్ని ఒకే కర్తగా చూసే పొరపాటు పరిశోధకులదే కాదు, నిర్ణయం తీసుకునేవారిది కూడా.

పాత సంఘటనలతో పోలికలు కూడా పరిశీలించదగినవి. 1956లో సూయజ్ కాలువను జాతీయం చేసిన ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌ను బ్రిటిష్ ప్రధాని ఈడెన్ ఇటలీ నియంత ముస్సోలినీతో పోల్చారు. పోలిక దొరకగానే అదే కారణమని తేల్చేయకండి. అది నిర్ణయానికి ముందు అంతరంగిక చర్చలో వచ్చిందా, లేక నిర్ణయం అయ్యాక ప్రజలను ఒప్పించే ప్రసంగంలో మాత్రమే వచ్చిందా అన్నది చూడాలి. మొదటిది ఆలోచన కావచ్చు. రెండోది అలంకారం కావచ్చు.

ఆధారాలను ఎలా చదవాలి

అసలు కష్టమంతా ఇక్కడ ఉంది. ఆధారం దొరకడం వేరు, అది ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలుసుకోవడం వేరు.

కెనడీ తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ అక్టోబరు 27 రాత్రి సోవియట్ రాయబారి దొబ్రీనిన్‌ను కలిసి, టర్కీలోని జూపిటర్ క్షిపణులను కొన్ని నెలలలో తొలగిస్తామని, అయితే అది రహస్యంగా ఉండాలని చెప్పారు. ఈ సంగతి కెనడీ సలహాదారులలో కొద్దిమందికే తెలుసు. ఉపాధ్యక్షుడు జాన్సన్ ఆ కొద్దిమందిలో లేరు. రాబర్ట్ కెనడీ మరణానంతరం 1969లో ఆయన జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చినప్పుడు, దానిని సంపాదకుడిగా సరిచేసిన కెనడీ సలహాదారు థియొడోర్ సోరెన్సన్ ఆ ఒప్పందం స్పష్టంగా కనబడకుండా చేశారు. 1989లో మాస్కోలో జరిగిన సమావేశంలో ఆ మాట ఆయనే ఒప్పుకున్నారు. ఆ ఇరవయ్యేళ్లూ ‘కెనడీ గట్టిగా నిలబడ్డారు, ఖృశ్చేవ్ తోక ముడిచారు’ అన్న కథ చలామణీ అయింది. ఇక కెనడీ రహస్యంగా రికార్డు చేయించిన సమావేశాల టేపులు బయటికి వచ్చాక, ఆ శనివారం టర్కీ బేరానికి సుముఖంగా మాట్లాడినది ప్రధానంగా అధ్యక్షుడేననీ, సలహాదారులలో ఎక్కువమంది దానిని వ్యతిరేకించారనీ తెలిసింది. జ్ఞాపకాల పుస్తకం అబద్ధమని కాదు. దానిని టేపు పక్కన పెట్టుకుని చదవాలని.

మనకు దగ్గరి ఉదాహరణ 1971. తూర్పు పాకిస్తాన్ మీదికి వెంటనే వెళ్లాలని ఏప్రిల్ మంత్రివర్గ సమావేశంలో ఇందిరాగాంధీ కోరగా, వర్షాకాలం ముంచుకొస్తోందనీ, సైన్యం సిద్ధంగా లేదనీ సైన్యాధిపతి మానెక్ షా అడ్డుచెప్పిన ఘట్టం అందరికీ కంఠోపాఠం. అది ప్రధానంగా ఆయన ఏళ్ల తరువాత తనదైన చమత్కారంతో చెప్పిన కథనం. ప్రధాని కార్యదర్శి పి.ఎన్. హక్సర్ పత్రాల వంటి సమకాలీన ఆధారాలను పరిశీలించిన చరిత్రకారులు కొందరు, ఆ సమయంలో ప్రధాని తక్షణ యుద్ధాన్ని కోరుకున్నారనడానికి ఆధారం లేదని వాదించారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో కుదిరిన మైత్రీ ఒప్పందం నుంచి డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయేదాకా జరిగినదంతా, ఏప్రిల్‌లో జరిగినదేమిటన్నదాన్ని బట్టి వేరువేరుగా కనిపిస్తుంది. చెప్పినవారు గొప్పవారు, కథ అందమైనది అన్న రెండు కారణాలూ దానిని మరింత జాగ్రత్తగా చదవడానికే కారణాలు.

పత్రం లేకపోవడం కూడా ఒక సమాచారమే. 1956 అక్టోబరు 24న పారిస్ శివారులోని సెవ్ర్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్రతినిధులు ఈజిప్టుపై దాడికి రహస్య ఒప్పందం చేసుకున్నారు. ఈడెన్ తమ ప్రతిని నాశనం చేయించారు. ఇజ్రాయెల్ ప్రతి మిగిలింది. లండన్ పత్రాలతోనే సరిపెట్టుకున్నవారికి అది దొరకదు. ఒక దేశపు బీరువా ఖాళీగా ఉంటే అవతలి దేశపు బీరువా తెరవాలి.

వెతకవలసిన చోట్ల విషయానికి వస్తే, అమెరికా విదేశాంగ శాఖ సంపుటాలుగా ప్రచురించే దౌత్యపత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాషింగ్టన్‌లోని విల్సన్ సెంటర్ డిజిటల్ ఆర్కైవ్‌లో మాజీ కమ్యూనిస్టు దేశాల పత్రాల అనువాదాలు ఉన్నాయి. భారత్‌కు సంబంధించి జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి అభిలేఖ్ పటల్ పోర్టల్, పార్లమెంటు చర్చల రికార్డులు, విదేశీ వ్యవహారాల స్థాయీసంఘం నివేదికలు మొదట చూడవలసినవి. మన దేశంలో పాతికేళ్లు దాటిన రికార్డులు అభిలేఖాగారానికి చేరాలని నియమం ఉన్నా, ఆచరణలో చేరనివి చాలా ఉంటాయి కాబట్టి అధికారుల వ్యక్తిగత పత్రాల సేకరణలు ఇక్కడ మరింత విలువైనవి. ఫైలు దొరికినప్పుడు చివరి ఉత్తరువు ఒక్కటే చదివి మూసేయకండి. చిత్తుప్రతులలో కొట్టివేసిన వాక్యాలు, అంచులలో రాసిన వ్యాఖ్యలు, ఫైలు ఏ బల్ల దగ్గర ఎన్ని రోజులు ఆగిందో తెలిపే తేదీలు, చివరి ఉత్తరువు దాచిపెట్టిన తగవును బయటపెడతాయి.

ఇంటర్వ్యూలు పత్రాలు చదివిన తరువాతే చేయాలి. విశ్రాంత అధికారిని ‘ఎందుకు చేశారు?’ అని అడిగితే ఇన్నేళ్లుగా నలుగురికీ చెప్పి నునుపు తేలిన జవాబే వస్తుంది. ‘ఆ టెలిగ్రాం మీకు అందినప్పుడు ఎదురుగా ఎవరున్నారు, తరువాత ఎవరికి ఫోన్ చేశారు?’ అని అడిగితే కొత్త సంగతి బయటికి రావచ్చు.

రాసేటప్పుడు

మీరు చూపిన కారణం లేకపోయి ఉంటే నిర్ణయం మారేదా అని ఒకసారి పరీక్షించుకోండి, కానీ ఊహను చిన్నదిగా ఉంచండి. క్యూబా సంక్షోభంలో, 1962 అక్టోబరు 21న, అమెరికా వైమానిక దళ కమాండర్లలో ఒకరైన స్వీనీ, దాడిలో తెలిసిన క్షిపణులలో కూడా సుమారు 90 శాతాన్నే ధ్వంసం చేయగలమని అధ్యక్షుడికి చెప్పారు. ఆయన నూటికి నూరుపాళ్లూ అని హామీ ఇచ్చి ఉంటే ఏమయ్యేదని అడగడం అర్థవంతం. అప్పుడు అధ్యక్షుడు వేరొకరై ఉంటే ఏమయ్యేదని అడిగితే ఒకేసారి వందలాది విషయాలు మారిపోతాయి, తేలేది ఏమీ ఉండదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక, ఎర్రసిరా కలం తీసుకుని దేశం పేరో, రాజధాని పేరో కర్తగా ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఒక్కో గీత దగ్గర ఆగి, మీ ఆధారాల ప్రకారం అక్కడ ఏ వ్యక్తి పేరు, ఏ మంత్రిత్వశాఖ పేరు, ఏ ఓటు లెక్క ఉండాలో చూసి మార్చండి. మార్చగలిగినవి మారతాయి. ఆధారం లేక మార్చలేనివి కొన్ని మిగులుతాయి; వాటిని అలాగే ఉంచి, పక్కన ఒక ప్రశ్నార్థకం వేసుకోండి. మళ్లీ అభిలేఖాగారానికి వెళ్లినప్పుడు ముందుగా అడగవలసిన ఫైళ్లు ఆ వాక్యాలకు సంబంధించినవే.